మా కంప్యూటరుకు గుణాలు కుదిరిన వైనం

ఏ సంగతైనా తెలుసుకోవాలంటే చెప్పులు తొడుక్కుని ఇంట్లోంచి బయల్దేరక తప్పని కాలంలో నేను జ్ఞానినయ్యాను. మట్టెవాడ నుంచి హనుమకొండ గ్రంథాలయానికి సైకిలు తొక్కుకుంటూ పోయేసరికి చొక్కా వీపుకు అతుక్కుపోయేది. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం తలలో ఏదో బరువు పెరిగినట్టు, ఆ బరువు దారిన పోయేవాళ్లందరికీ కనబడుతున్నట్టు అనిపించి, మెడ నిటారుగా పెట్టి తొక్కేవాణ్ణి. డిగ్రీ రెండో ఏడాదిలో నాకూ కాలేజీకీ పొసగలేదు (తప్పు ఇద్దరిదీ అని నేను చెప్పుకునేవాణ్ణి; కాలేజీ ఏం చెప్పుకునేదో విచారించలేదు). అప్పటి నుంచి గ్రంథాలయమే నా కాలేజీ. ఏ బీరువానూ చిన్నచూపు చూడకూడదని, ఎడమ చివర మొదలుపెట్టి కుడివైపుకు వరసగా చదువుకుంటూ పోయాను. తేనెటీగల పెంపకం, గుండెజబ్బులు, గ్రహణాలు అయిపోయాక ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం చేతికొచ్చింది. అది కంప్యూటర్ల గురించి. పక్కన నిఘంటువు పెట్టుకుని చదవడానికి దాన్ని పదకొండుసార్లు ఇంటికి తెచ్చుకున్నాను. వెనక అట్టకు అంటించిన కాగితం మీద పదకొండు తేదీ ముద్రలుండేవి, పదకొండూ నావే. అందులోని కంప్యూటర్లు ఒక్కొక్కటి గది నిండా ఉండేవి. అట్టముక్కలకు చిల్లులు పొడిచి వాటికి తినిపించేవారు. నేను ఏ కంప్యూటరునూ కంటితో చూడలేదు గానీ, చూడనిదాని గురించి చెప్పడానికి నాకెప్పుడూ మొహమాటం ఉండేది కాదు. చుట్టాల ఇళ్లలో, పెళ్లి పందిళ్లలో, ఎవరు దొరికితే వారికి చెప్పేవాణ్ణి. ఆ చెప్పడమే నా ప్రాణం మీదికి తెచ్చింది.

మా మేనమామకు మట్టెవాడలో బట్టల దుకాణం ఉండేది. ఎక్కువగా పెండ్లి బట్టలు. ఎనభయ్యో దశకం సగం దాటాక ఆయన ఒకసారి హైదరాబాదు పోయి, అక్కడ ఎవరో కంప్యూటరుతో జాతకాలు కలుపుతుంటే చూసి వచ్చాడు. వచ్చిన రోజే అత్తమ్మకు తన ఆలోచన చెప్పాడు. "పెండ్లి కుదిరినంక బట్టలకు మన దగ్గరికి వస్తాన్రు. కుదురుడే మన దగ్గర కుదిరితే ఇంకో దుకాణం మొఖం చూస్తరా?" నెల తిరక్కుండానే దుప్పట్లు, తువ్వాళ్లు పెట్టే వైపు ఖాళీ చేయించి, చెక్కతో చిన్న గది కట్టించి, అందులోకి కంప్యూటరును తెచ్చాడు. దాంతోపాటు ఒక తిరిగే కుర్చీ. తన అల్లుడికి కంప్యూటరు మొత్తం నోటికొచ్చని ఊరందరికీ చెప్పి ఉన్నాడు కాబట్టి ఆ కుర్చీలో నేను కూర్చోవలసి వచ్చింది. డబ్బా చూడగానే నాకు గుండె జారింది. అది టీవీ అంతే ఉంది. అట్టముక్కలు పెట్టే నోరు ఎక్కడుందోనని దాని చుట్టూ మూడుసార్లు తిరిగాను (ప్రదక్షిణం చేస్తున్నాననుకుని మామ కూడా నా వెనకాలే తిరిగాడు). అదృష్టవశాత్తు, అమ్మిన కంపెనీ నుంచి వచ్చినతను రెండు రోజులుండి ఏ మీట నొక్కితే ఏమొస్తుందో నేర్పి పోయాడు. మండే ఎండలో కూడా మెడకు టై కట్టుకునేవాడు కాబట్టి అతను మాకు టై అన్న అయ్యాడు. ఇక ఆ కుర్చీ ఎక్కాక నా తీరే మారిపోయింది. అంతకుముందు అదే దుకాణంలో గజంకట్టె పట్టుకుని లంగా గుడ్డలు కొలిచేవాణ్ణి. ఇప్పుడు కొలిచేవాళ్ల వైపు కుర్చీ తిప్పి చూసి, మళ్లీ మెల్లగా వెనక్కి తిప్పుకునేవాణ్ణి.

జాతకం వేసేది యంత్రమే అయినా, జనం నమ్మాలంటే పక్కన పురోహితుడు ఉండాలి. మా వీధి అయ్యగారు రోజూ పొద్దున వచ్చి బల్ల అవతల కూర్చునేవారు. తెర నావైపు ఉండేది, బల్ల అవతలివాళ్లకు దాని వీపు తప్ప ఏమీ కనబడేది కాదు. ఇది మామ పెట్టిన నియమం. కనబడితే ఎవరూ నమ్మరని ఆయన అనుభవం. నేను పుట్టిన తేదీలు కొడితే, యంత్రం కిర్రుకిర్రుమంటూ ఇంగ్లీషు అక్షరాల్లో జాతకం అచ్చు వేసేది. అయ్యగారు దాన్ని దూరంగా పట్టుకుని చదివి, ఒక్కోసారి పంచాంగం తిరగేసి, కింద సంతకం పెట్టేవారు.

ఆ యంత్రంలో అన్నిటికంటే మామకు నచ్చిన గుణం ఒకటుంది. అప్పట్లో దాన్ని నడిపించే మూల వ్యవస్థను డాస్ అనేవారు, మాది రెండో డాసు. దానికి గడియారం లేదు. రోజూ పొద్దున స్విచ్ వేయగానే, ఈ రోజు తేదీ ఏమిటని అడిగేది. తేదీ చెప్తే టైము అడిగేది. రెండూ చెప్తేనే పనిలోకి దిగేది. ఇది మొదటిరోజు చూసి అయ్యగారు పులకించిపోయారు. ఏ పూజకైనా ముందు సంకల్పం ఉంటుందని, ఏ రోజు ఏ తిథిన ఏ చోట చేస్తున్నామో చెప్పుకోకుండా ఏదీ మొదలుకాదని, ఈ పెట్టెకు ఆ ఆచారం ఎవరో మంచిగ నేర్పారని అన్నారు. అంతే, ఆ రోజు నుంచి మామ కాళ్లు కడుక్కుని వచ్చి, గోడ మీది క్యాలెండరు కాగితం చింపి చేత్తో పట్టుకుని యంత్రం ముందు నిలబడేవాడు. నేను "అడుగుతాంది మామా" అనగానే తేదీ, వారం, తిథి, నక్షత్రం వరసగా చదివేవాడు. నేను తేదీ ఒక్కటే కొట్టేవాణ్ణి (తిథి నక్షత్రాలకు మామ తృప్తి కోసం ఉత్తుత్తిగా మీటల మీద వేళ్లాడించేవాణ్ణి). కరెంటు పోయి వచ్చినప్పుడల్లా అది మళ్లీ మొదటి నుంచి అడిగేది. ఎండాకాలంలో రోజుకు అయిదారుసార్లు అడిగిన రోజులున్నాయి. మామ ఒక్కసారి కూడా విసుక్కోలేదు. కొనేవాళ్లను వదిలి, కాగితం జేబులోంచి తీసుకుంటూ వచ్చేవాడు.

రెండేళ్లు ఇలా సాగాక టై అన్న మళ్లీ వచ్చాడు. సంచిలోంచి మూడు ఫ్లాపీలు తీసి బల్ల మీద పెట్టాడు, కవర్లలో పెట్టిన నల్లని అప్పడాల్లా ఉన్నాయి. మూడో డాసు వచ్చిందని, అది వేసుకుంటే పని చురుగ్గా సాగుతుందని, అన్నిటికంటే ముఖ్యంగా తెలుగు అక్షరాల్లో జాతకం అచ్చువేసే కొత్త ప్రోగ్రాము దాని మీదనే నడుస్తుందని చెప్పాడు. పైగా ఒక చిన్న కార్డు కూడా లోపల బిగిస్తానన్నాడు. దాని మీద ఒక సెల్లు, ఒక గడియారం ఉంటాయట. ఆ కార్డు మాట ఆ రోజు ఎవరికీ చెవికెక్కలేదు. మామ మనసంతా తెలుగు అక్షరాల మీద ఉంది. హనుమకొండ చౌరస్తాలో ఎవరో కొత్తగా దుకాణం పెట్టి తెలుగులో జాతకాలు ఇస్తున్నారని, మా దగ్గరికి వచ్చే బస్సులు అక్కడే ఖాళీ అవుతున్నాయని ఆయనకు బెంగ. అయినా నడుస్తున్నదాన్ని కదిలించడమంటే భయం. "రెండేండ్ల జాతకాలు దాని కడుపుల ఉన్నయ్. కొత్తది వస్తే పాతయి ఉంటయా, పోతయా?" అని అడిగాడు. టై అన్న సమాధానం చెప్పేలోగా నేను కుర్చీ తిప్పాను. కొత్త వ్యవస్థ ఎప్పుడూ పాతదానికంటే మేలైనదే అయ్యుంటుందని, ఇది శాస్త్రమని, నేను చదివిన పుస్తకంలో ఒక అధ్యాయమంతా దీని గురించే ఉందని చెప్పాను (ఆ అధ్యాయం చిల్లుల అట్టముక్కల నుంచి టేపులకు మారడం గురించి). మామ దుకాణంలో గుడ్డ చింపేముందు మాట్లాడే గొంతుతో అన్నాడు. "నీ మాట మీదనే చేస్త అల్లుడా. మంచిగైతే ఆ కుర్చీ నీదే, ఇంకెవ్వన్నీ కూసోనియ్య. ఖరాబైతే మాత్రం గజంకట్టె నీకోసం అట్లనే ఉన్నది." టై అన్న వారంలో మళ్లీ వస్తానని, ఈలోగా తేల్చుకోమని ఫ్లాపీలు మా దగ్గరే వదిలి పోయాడు.

ఆ సాయంత్రమే సైకిలెక్కి గ్రంథాలయానికి పోయాను. నా మాటకు బలం చేకూర్చే వాక్యం ఒకటి దొరికితే రాసుకొచ్చి మామకు చదివి వినిపిద్దామని నా ఉద్దేశం. కొత్తగా వచ్చిన పుస్తకాల బల్ల మీద డాస్ గురించే ఒక సన్నని పుస్తకం కనబడింది. నిలబడే చదివాను. మూడో పేజీలో కూర్చున్నాను. డాస్ మార్చేముందు పాత ప్రోగ్రాములు కొత్తదాని మీద నడుస్తాయో లేదో ముందే చూసుకోవాలని, అజాగ్రత్తగా చేస్తే దాచుకున్నదంతా తుడిచిపెట్టుకుపోయే ప్రమాదం ఉందని అందులో నల్లటి అక్షరాల్లో ఉంది. రెండేళ్ల జాతకాలు. ఎన్ని ఇళ్ల పెళ్లిళ్లు. నాకు తిరిగే కుర్చీ తిరుగుతున్నట్టు, అందులో నేను లేనట్టు కనబడింది. ఆ పుస్తకాన్ని ఇంటికి తెచ్చుకుని (ముద్రల కాగితం మీద మొదటి తేదీ నాదే) మొదటి నుంచి చివరిదాకా చదివాను, ధైర్యం రాలేదు. ఇక మిగిలింది ఒక్కటే దారి, నేను అన్న మాటను వెనక్కి తీసుకోవడం. కానీ ఊళ్లో నా జ్ఞానం మీద అప్పటిదాకా ఎవరూ వేలెత్తలేదు. ఆ వేలు నాదే కావడం నాకు నచ్చలేదు.

మర్నాడు మామ కూడా నిద్రలేని ముఖంతో వచ్చాడు. మార్చాలని ఒకసారి, వద్దని ఒకసారి అనుకుంటూ పొద్దంతా కొలిచిన గుడ్డనే కొలుస్తున్నాడు. చివరికి అయ్యగారిని అడిగాడు. అయ్యగారు కాసేపు కళ్లు మూసుకుని, ఇందులో ఆలోచించడానికేముందన్నట్టు అన్నారు. "ఇంట్ల ఉన్నది ఒకటి, ఇంటికి రాబోయేది ఒకటి. ఇద్దరికి పొత్తు కుదురుతదా లేదా అన్నదే కదా సేటు మన ప్రశ్న? దానికోసమే కదా గీ దుకాణం పెట్టింది."

నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వు రావలసింది, కానీ ప్రాణం లేచి వచ్చింది. యంత్రానికీ మూడో డాసుకూ జాతకాలు కలపబోతున్నారు. కుదరకపోతే సంబంధం వద్దంటారు. నా మాట పోదు, నా కుర్చీ పోదు, తప్పంతా గ్రహాల మీదికి పోతుంది. ఇంతకంటే మేలైన దారిని ఏ గ్రంథాలయంలోనూ రాసి ఉండరు. టిఫిను డబ్బా ఇవ్వడానికి వచ్చిన అత్తమ్మ సంగతంతా విని, "ఆ పెట్టెకు సంబంధం చూస్తాన్రా? మనింట్ల ఉన్న ముప్పై ఏండ్ల నా తమ్మునికి చూసెటోళ్లు లేరు" అని డబ్బా బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

పెండ్లికొడుకు ఎవరు, పెండ్లికూతురు ఎవరన్నది మొదటి చిక్కు. ఇంటికి వచ్చేది డాసు కాబట్టి అది పెండ్లికూతురని, యంత్రం పెండ్లికొడుకని అయ్యగారు తేల్చారు. పెండ్లికొడుకు పుట్టిన తేదీ రెండో చిక్కు. దానికి నా దగ్గర జవాబుంది. యంత్రాన్ని ఆపి మళ్లీ స్విచ్ వేశాను. తేదీ చెప్పకముందు, తనకు తానుగా అది తెర మీద ఎప్పుడూ ఒకే తేదీ చూపించేది, 1980 జనవరి ఒకటి. ఎవరు ఏది చెప్పినా, రోజూ పొద్దున అది అక్కడినుంచే లేచి వచ్చేది. అది వినగానే అయ్యగారు రెండు చేతులూ జోడించినంత పని చేశారు. తన పుట్టిన తేదీ తానే చెప్పుకున్న పెండ్లికొడుకును ఆయన అప్పటిదాకా చూడలేదట. పుట్టిన చోటు ఏది అంటే, మొదటిసారి ఊపిరి అందిన చోటే పుట్టిన చోటు గనుక, కరెంటు తగిలిన మట్టెవాడే అన్నారు. ఇక పెండ్లికూతురు. ఫ్లాపీని యంత్రంలో పెట్టి అందులోని ఫైళ్ల జాబితా తెర మీదికి తెప్పించాను. ప్రతి ఫైలు పక్కనా అది తయారైన తేదీ, టైము ఉన్నాయి. అన్నీ ఒకే రోజు, అన్నీ సరిగ్గా పన్నెండు గంటలకు పుట్టాయి. "అక్కచెల్లెండ్లంత ఒక్క గడియల పుట్టిండ్రు" అని మామ ఆశ్చర్యపోయాడు.

తేదీని చదివి వినిపించాను, అయ్యగారు కాగితం మీద రాసుకున్నారు. యంత్రంలో కొట్టేముందు నా వేళ్లు ఆగిపోయాయి. నిజం తేదీ కొడితే కుదిరిపోతుందేమో. కుదిరితే నా గతి గజంకట్టె. బల్ల అవతల ఇద్దరికీ తెర వీపు తప్ప ఏమీ కనబడదు. నక్షత్రం రోజుకొకటి మారుతుందన్నంత జ్యోతిషం నాకు గ్రహణాల పుస్తకం పుణ్యమా అని వచ్చు. ఒక్కరోజు వెనక్కి జరిపితే నక్షత్రం మారుతుంది, నక్షత్రం మారితే పొత్తు చెడుతుంది (ఎందుకు చెడాలో, ఎందుకు బాగుపడకూడదో ఆ క్షణాన తట్టలేదు). ఒక్కరోజు వెనక్కి జరిపి కొట్టాను. యంత్రం కిర్రుమన్నది. కాగితం బయటికి వచ్చింది. ముప్పై ఆరు గుణాలకు పద్దెనిమిది వస్తే చాలు, పెళ్లి చేసుకోవచ్చు. మా కాగితం మీద ముప్పై ఒకటి ఉంది.

అయ్యగారు కాగితాన్ని రెండుసార్లు చదివారు. ఇన్నేళ్లలో ఇంత పొత్తు చాలా కొద్ది ఇళ్లలో చూశానని, పేరున్న కుటుంబాల్లో కూడా ఇన్ని గుణాలు పడవని, ఆలస్యం చేయకుండా ముహూర్తం పెట్టుకోమని చెప్పి సంతకం పెట్టారు. మామ ముఖం వెలిగిపోయింది. "నువ్వు ముందే చెప్పినవ్ గదరా" అని నా భుజం తట్టాడు. నేను కూడా వెలిగినట్టు నవ్వాను. తేదీ తప్పు కొట్టానని చెప్పాలంటే ఎందుకు కొట్టానో చెప్పాలి. ఎందుకు కొట్టానో చెప్పాలంటే నాకేమీ తెలియదని చెప్పాలి. దానికంటే మూడో డాసే నయమనిపించింది.

ముహూర్తం గురువారం పొద్దున పదిన్నర దాటాక. టై అన్న ఎనిమిదింటికే రైలు దిగి వచ్చి స్క్రూడ్రైవరు తీశాడు. మామ అతని చేయి పట్టుకుని, ఇంకా టైము ఉందని, ఓరుగల్లు దాకా వచ్చి ఖిలా చూడకుండా పోతే బాగుండదని ఆటో ఎక్కించి పంపాడు. పదింటికి అతను టై మీద ఎర్రమట్టి దుమ్ముతో తిరిగి వచ్చి, రాతి తోరణాలు బాగున్నాయి గానీ మధ్యాహ్నం కాజీపేటలో తన రైలు తప్పకూడదన్నాడు. అయ్యగారు సరేననగానే డబ్బా విప్పాడు. మామ అటు చూడలేక బట్టల వైపు తిరిగి నిలబడ్డాడు. కార్డు బిగించడం, ఒకదాని తరువాత ఒకటి అప్పడాలు తినిపించడం, మధ్యలో టీ తాగడం అన్నీ కలిపి గంట పట్టింది. నేను పక్కన నిలబడి, అతను చేసే ప్రతి పనికీ అదే సరి అన్నట్టు తల ఊపుతూ ఉన్నాను. పాత జాతకాలన్నీ క్షేమంగా ఉన్నాయని అతను తెర మీద చూపించినప్పుడు నా తల ఊపుడు ఇంకా జోరందుకుంది. "ఇంకో సౌకర్యం కూడా చేసిన సార్. స్విచ్ వేస్తే చాలు, ప్రోగ్రాము దానంతట అదే మొదలైతది. ఎవరైనా నడపొచ్చు" అన్నాడు టై అన్న. ఎవరైనా అన్న మాట దగ్గర ఆ జోరు కొంచెం తగ్గింది.

అప్పటికి వర్ధన్నపేట వైపు నుంచి ఒక రైతు కూతురి సంబంధం చూపించుకోవడానికి వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. కొత్తదానికి తొలి బేరం. మామ మళ్లీ కాళ్లు కడుక్కుని వచ్చాడు. పొద్దున చింపిన క్యాలెండరు కాగితం చేతిలో పట్టుకుని, గొంతు సవరించుకుని యంత్రం ముందు నిలబడ్డాడు. నేను స్విచ్ వేశాను. తెర వెలిగింది, రెండు వరసలు పరుగెత్తాయి, జాతకం ప్రోగ్రాము వచ్చి కూర్చుంది. మామ నావైపు చూశాడు. నేను తెర వైపు చూశాను.

"అడుగలేదేందిరా?" అన్నాడు మామ.

టై అన్న గర్వంగా నవ్వి, ఇక అడగదని, లోపల గడియారం ఉంది కాబట్టి తేదీ దానికే తెలుసునని చెప్పాడు. మామ చేతిలో కాగితం అలాగే ఉంది. "నేను చెప్పకుంట దానికెట్ల తెలుస్తది?" అన్నాడు. కోపంగా కాదు, ఇంటికి వచ్చిన కొత్త కోడలు పలకరించకుండా లోపలికి పోతే అత్తగారు అన్నట్టు అన్నాడు. తరువాత, "ఐతే ఇయ్యాల తారీఖు ఎంతని అనుకుంటాందో చూడు" అన్నాడు. నేను ప్రోగ్రాములోంచి బయటికి వచ్చి తేదీ అన్న ఇంగ్లీషు మాట కొట్టాను. తెర మీద బుధవారం అని వచ్చింది. నిన్నటి తేదీ. టై అన్న ముఖం ఎర్రబడింది. హైదరాబాదులో సరిచేసేటప్పుడు ఎక్కడో పొరపాటు జరిగినట్టుందని గొణిగాడు. అయ్యగారు పంచాంగం మూసేశారు. "అడుగకపోతే గట్లనే ఉంటది. నిన్నట్ల ఉన్నది అది" అన్నారు.

మామ గొంతు పెంచలేదు. సంకల్పం లేని పని ఈ దుకాణంలో జరగదని, పాతదే మళ్లీ వేయమని చెప్పాడు. పాతదాని ఫ్లాపీలు హైదరాబాదులో ఉన్నాయని, వచ్చేవారం తెస్తానని టై అన్న అన్నాడు. అయితే అప్పటిదాకా దీనికి గుడ్డ కప్పేయమన్నాడు మామ. గుడ్డ తేవడానికి బట్టల వైపు పోయినవాడు గుడ్డతోపాటు గజంకట్టె కూడా తెచ్చి, దాన్ని నా తిరిగే కుర్చీకి ఆనించి పెట్టాడు. బెంచీ మీది రైతుకు ఏమర్థమైందో గానీ, "మా పిల్లకు వయసు మీద పడుతాంది సేటు, జర దాన్ని అడుగుమనుండ్రి" అన్నాడు బతిమాలుతూ.

ఆ గజంకట్టె చూశాక నా తలలో గ్రంథాలయం తలుపులు ఒక్కసారిగా తెరుచుకున్నాయి. ఇందాక తేదీ అన్న మాట కొట్టినప్పుడు యంత్రం నిన్నటి తేదీ చూపించి ఊరుకోలేదు, సరైనది చెప్పమని కింద అడిగింది కూడా. అంటే అడగడం అది మరిచిపోలేదు, ఎవరో ఒకరు అడగమనాలి. సన్నని పుస్తకంలో నలభయ్యో పేజీ దాటాక ఒక ఫైలు గురించి ఉంది. యంత్రం పొద్దున లేవగానే మొట్టమొదట ఆ ఫైలు చదువుకుని, అందులో ఏం రాసి ఉంటే అది చేస్తుంది. నేను కుర్చీలో కూర్చుని, గజంకట్టెను మోకాలితో పక్కకు జరిపి, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు గుర్తు తెచ్చుకుంటూ ఆ ఫైలు పేరు కొట్టి, అందులో రెండే మాటలు రాశాను. తేదీ అడుగు. టైము అడుగు. యంత్రాన్ని ఆపి స్విచ్ వేశాను. అందరూ తెర వీపు వైపు చూస్తున్నారు.

"అడుగుతాంది మామా" అన్నాను.

మామ చెప్పాడు. తేదీ, వారం, తిథి, నక్షత్రం. నేను గురువారం తేదీ కొట్టాను, తిథికీ నక్షత్రానికీ వేళ్లాడించాను. గోడ గడియారం చూసి టైము కూడా చెప్పాడు, అదీ కొట్టాను. ఆ తరువాత యంత్రం ఏమీ చేయకుండా నిలబడిపోయింది. తెర మీద ఒక ఇంగ్లీషు అక్షరం, దాని పక్కన మినుకుమినుకుమనే గీత, అంతే. అప్పుడు నాకు తెలిసింది, నేను ఆ ఫైలుకు రెండు మాటలు కలపలేదు, టై అన్న అందులో రాసినదంతా తుడిచిపెట్టి రెండు మాటలే మిగిల్చానని. ప్రోగ్రామును దానంతటదే మొదలుపెట్టే వరస అందులోనే ఉండేది. టై అన్న నా భుజం మీదుగా చూసి, సంగతి అర్థమై నోరు తెరిచాడు. బయట కాజీపేట ఆటో హారను కొట్టింది. అతను వాచీ చూసుకుని నోరు మూసుకుని, సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. ఆ మేలు నేను మరవలేదు. నేను గంభీరంగా ముందుకు వంగి, పాతరోజుల్లో చేసినట్టే ప్రోగ్రాము పేరు చేత్తో కొట్టాను. అది మొదలైంది. రైతు కూతురికి ఇరవై నాలుగు గుణాలు కుదిరాయి.

మామ గజంకట్టె తీసుకుని బట్టల వైపు వెళ్లిపోయాడు. ఇక నుంచి దీన్ని ఎవరైనా నడపొచ్చన్న మాట దుకాణంలో మళ్లీ వినబడలేదు. ఎందుకంటే స్విచ్ వేసి తేదీ చెప్పాక ఏ పేరు కొట్టాలో నాకు తప్ప ఎవరికీ తెలియదు. (పోయిన వరసను మళ్లీ ఎలా కలపాలో ఆ పుస్తకం తరువాతి పేజీలోనే ఉంది. ఆ పేజీ నేను చదివాను. చదివి ఊరుకున్నాను.) తెలుగు జాతకాలు మాత్రం మేం అనుకున్నట్టు పని చేయలేదు. మొదటివారంలోనే జనం కాగితాన్ని తిరగేసి, ఇది అయ్యగారు రాసినట్టే ఉంది, కంప్యూటరుది లేదా అని అడగడం మొదలుపెట్టారు. చివరికి తెలుగుదీ ఇంగ్లీషుదీ రెండూ కలిపి కుట్టి ఇచ్చేవాళ్లం.

పదిరోజుల తరువాత అయ్యగారు చంకలో ఒక పాత పంచాంగం పెట్టుకుని, మామ లేని వేళ చూసి వచ్చారు. ఎదురుగా కూర్చుని, చాలా మెల్లగా అన్నారు. "పిలగా, ఇంటికాడ ఊకుండలేక చేత్తో వేసి చూసిన. మూడో డాసుకు అసలు పడేటియి పదకొండే గుణాలు. పైన నాడీ దోషం సుత ఉన్నది. అచ్చు కాగితం మీద తారీఖు చూసిన, నువ్వు ఒక్కరోజు వెనక్కి కొట్టినవ్." నిజం తేదీ కొట్టి ఉంటే, నేను కోరుకున్నది నిజమే చేసి పెట్టేది. నేను అబద్ధమాడి, వద్దనుకున్న పెళ్లిని దగ్గరుండి చేయించాను. ఆ మాట చెప్పబోయేలోగా ఆయనే నా చేతిమీద తట్టారు. "నీకు ఆ డాసు మీద గంత మనసున్నదని అప్పుడే కనిపెట్టిన. ఏం ఫికర్ చెయ్యకు. ఇష్టపడ్డోళ్ల కాడ ఒకరోజు అటో ఇటో నేను సుత జరిపిన, ఎన్నో జరిపిన. అందరు మంచిగనే ఉన్నరు." నేను తల దించుకున్నాను. సిగ్గుపడుతున్నాననుకుని ఆయన నవ్వుకుంటూ వెళ్లిపోయారు.

పదకొండు గుణాల ఆ కాపురం ఆరేళ్లు సాగింది, మధ్యలో పెద్ద గొడవలు కూడా లేవు. తరువాత యంత్రం ముసలిదై తూకానికి పోయింది. మామ, అయ్యగారు ఇద్దరూ ఇప్పుడు లేరు. తిరిగే కుర్చీ మా ఇంట్లో కిటికీ పక్కన ఉంది, తిరగడం మానేసి చాలాకాలమైంది. చేతిలోని ఫోను నెలకోసారి, కొత్తది వచ్చింది, ఇప్పుడు వేసుకుంటావా, తరువాతనా అని అడుగుతుంది. శాస్త్రం ప్రకారం కొత్తది ఎప్పుడూ మేలే అని ఒకప్పుడు బల్లగుద్ది చెప్పిన మనిషి, ప్రతిసారీ తరువాత అనే నొక్కుతాడు. మొన్న అది కూడా అడగకుండా తనంతట తానే మారిపోయింది. పొద్దున చూస్తే కొత్త ముఖంతో ఉంది. తేదీ తెలుసు, టైము తెలుసు, నేను ఏ ఊళ్లో ఏ వీధిలో ఉన్నానో కూడా తెలుసు. నన్ను ఏమీ అడగలేదు. నేను లేచి, గోడ మీది క్యాలెండరు కాగితం చింపి తెచ్చుకుని, ఆ కుర్చీలోనే కూర్చుని, తేదీ, వారం, తిథి, నక్షత్రం వరసగా దానికి చదివి వినిపించాను. అది విన్నదో లేదో తెలియదు. నాకు మాత్రం పొద్దు మొదలైనట్టనిపించింది.